పులి రూపాయి మీది రాజుగారి కోసం సాండ్రింగ్‌హామ్ దాకా

మా నాయనమ్మ వక్కాకు పెట్టెలో రెండు నాణేలుండేవి. ఒకటి చిల్లు కాణీ, రెండోది 1947 నాటి రూపాయి. దానికి ఒకవైపు పులి, ఇంకోవైపు అప్పటి బ్రిటన్ రాజు ఆరో జార్జి తల. ఈ వేసవిలో ఇంగ్లండులో, లండన్ దగ్గరి స్లౌలో ఉంటున్న మా తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ తలకాయ ఆసామి బతికిన చోట్లు చూద్దామనిపించింది. "రాణిగారిని చూడ్డానికి వస్తారు గానీ, ఈయన కోసం ఎవరొస్తారు పెదనాన్నా" అని వాడు నవ్వాడు.

స్లౌ నుంచి విండ్సర్ ఒకటే స్టేషను, ఆరు నిమిషాలు. రాజుగారి సమాధి అక్కడి రాజకోటలో, సెయింట్ జార్జి చాపెల్ అనే ప్రార్థనామందిరంలో ఉంది. మంగళ, బుధవారాలు కోట మూసేస్తారు. ఆదివారం కోట తెరిచినా చాపెల్లోకి సందర్శకులను పంపరు. ఇది తెలియక మేం మొదట ఆదివారానికే టికెట్లు తీయబోయాం. నల్లరాతి పలక మీద ఆయన పేరు, భార్య పేరు, 2022 నుంచి కూతురు రెండో ఎలిజబెత్, అల్లుడు ఫిలిప్ పేర్లు. అంతే. వెనక జనం ఉంటారు, ఎక్కువసేపు నిలబడలేం, ఫొటోలు తీయనివ్వరు. ఒక్క సమాధి కోసమే అయితే ఈ టికెట్టు ఖరీదెక్కువ. కోటంతా తిరిగే ఓపిక ఉంటేనే గిట్టుబాటు.

రాచకిరీటాలు ఉంచిన పాత కోట లండన్ టవర్ సంగతి వేరు. 1937 పట్టాభిషేకంలో ఈయన భార్య పెట్టుకున్న ప్లాటినం కిరీటంలో ఉన్నది మన కోహినూరే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే రాయి. కిరీటాల పక్కన కదిలే బెల్టు మీద నిలబెట్టి జనాన్ని సాగనంపేస్తారు. మాది గుంటూరు, కాబట్టి హక్కుగా వెనక్కెళ్లి రెండోసారి ఎక్కాం. పొద్దున్నే, తలుపులు తీసే వేళకి వెళ్లండి. తర్వాత క్యూ చూస్తే తిరుపతి గుర్తొస్తుంది, లడ్డూ మాత్రం ఉండదు.

నన్నడిగితే అసలు చూడాల్సింది నార్‌ఫోక్‌లోని సాండ్రింగ్‌హామ్, రాజకుటుంబం ఎస్టేటు. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే మారే పని లేకుండా కింగ్స్ లిన్, అక్కణ్నుంచి బస్సు. తిరుగు బస్సు టైము ముందే చూసుకోండి. చలికాలంలో ఇల్లు మూసి ఉంటుంది.

ఆయన 1895లో పుట్టింది ఈ ఎస్టేటులోని యార్క్ కాటేజీలో, 1952 ఫిబ్రవరి 6 తెల్లవారేసరికి నిద్రలోనే పోయింది ఇక్కడి పెద్దింట్లో. మధ్యలో ఏం జీవితమండీ! రెండో కొడుకు, పైగా నత్తి. 1925లో లండన్‌లోని వెంబ్లీలో జనం ముందు మాట్లాడలేక అవస్థపడి, ఆస్ట్రేలియా నుంచి వచ్చి స్థిరపడిన లయనెల్ లోగ్ దగ్గర ఆ మరుసటేడు మాట నేర్చుకున్నాడు. అన్న ఎడ్వర్డ్ పెళ్లి కోసం గద్దె వదిలేస్తే, 1936 డిసెంబరులో ఆ బరువు ఈయన నెత్తిన పడింది. మూడేళ్లకే యుద్ధం.

ఇంట్లో కింది అంతస్తే చూపిస్తారు, ఆయన పోయిన గది చూడలేం. యార్క్ కాటేజీలోకీ ప్రవేశం లేదు. అయినా లోటనిపించలేదు. ఇంటికి ఉత్తరాన ఆయన కోసం వేసిన తోట ఉంది, పొదల గోడల మధ్య చిన్నచిన్న గదుల్లా. మేం వెళ్లినప్పుడు అక్కడ మేమిద్దరమే. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా విప్పింది. పక్కనే సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి. ఎస్టేటులోనే కొట్టిన ఓక్ చెక్కతో చేసిన శవపేటికకు అక్కడి పనివాళ్లే కాపలా కాశారట. పోవడానికి ముందురోజు దాకా ఆయన వాళ్లతో కుందేళ్ల వేటలో ఉన్నాడు.

రాత్రి కింగ్స్ లిన్‌లో గెస్ట్‌హౌస్‌లో దిగాం. పేరు చెప్పను. లిఫ్టు లేదన్న మాట బుకింగ్‌లో ఎక్కడా లేదు. నిచ్చెనలాంటి మెట్ల మీద సూట్‌కేసు మోయడంతో నా నడుం పట్టేసింది. శాకాహారమని ముందే మెయిల్ పెట్టినా పొద్దున ప్లేటులో సాసేజీ వచ్చింది. అడిగితే క్షమాపణ చెప్పి, వెంటనే పుట్టగొడుగులు, టోస్టు తెచ్చారు. పక్క మాత్రం శుభ్రం. పెద్దవాళ్లుంటే కింది అంతస్తు గదే అడగండి.

ఆయన శవపేటికను ఎస్టేటు దగ్గరి వోల్ఫర్టన్ స్టేషన్‌లో రైలెక్కించి కింగ్స్ క్రాస్‌కే తీసుకెళ్లారు. ఆ స్టేషను 1969లో మూతపడింది. మేం మాత్రం కింగ్స్ లిన్‌లోనే ఎక్కాం, కిటికీ సీట్లు దొరికాయి, కేంబ్రిడ్జి దాకా ఇద్దరం నిద్రపోయాం.