ఐసీయూలో మూడేళ్లు వాడిన సిరంజి పంపు

సిరంజిలోని మందును కొద్దికొద్దిగా నెట్టే ఈ పంపుకు, గంటకు 10 మి.లీ. పైన నడిపినంతకాలం వంక పెట్టలేం. దీని అసలు గుణం 3 మి.లీ. అటూ ఇటూ వేగంలో బయటపడుతుంది. బీపీ నిలబెట్టే నోరాడ్ (నోరాడ్రినలిన్) నడిచేదేమో అక్కడే.

మా దగ్గర 4 మి.గ్రా. నోరాడ్‌ను 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో 50 మి.లీ. చేస్తాం. మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. గంటకు 3 మి.లీ. పెడితే నిమిషానికి 4 మైక్రోగ్రాములు వెళ్లాలి. కానీ కొత్త సిరంజి ఎక్కించి నేరుగా స్టార్ట్ నొక్కితే తెరపై అంకె కదులుతుంది, మందు కదలదు. పిస్టన్ తోకకూ పంపు పట్టుకూ మధ్య సందు పూడేదాకా మోటారు ఉత్తినే తిరుగుతుంది, ఈలోగా బీపీ జారిపోతుంది. అందుకే ముందు పర్జ్ (లైన్‌ను మందుతో నింపే బటన్) నొక్కి, ఎక్స్‌టెన్షన్ లైన్ కొసన చుక్క కనబడ్డాకే త్రీవేకి (పేషెంట్ లైన్‌కుండే మూడు దారుల కుళాయికి) తగిలించాలి.

ఇక అక్లూజన్ అలారం, అంటే లైన్‌లో అడ్డు పడితే మోగేది. లైన్ మడతపడినా, త్రీవే తెరవడం మరిచిపోయినా ఇది వెంటనే మోగదు. లోపల ఒత్తిడి హద్దు దాకా పెరగాలి. గంటకు 1 మి.లీ. వేగంలో అందుకు అరగంట దాటొచ్చు. మా పంపులు హద్దు ‘హై’లో ఉండి వచ్చాయి, తగ్గించుకున్నాం. మోగగానే కంగారుగా మడత విప్పారంటే బిగిసి ఉన్న మందంతా ఒక్కసారిగా లోపలికి పోతుంది. అర మి.లీ. పోయినా 40 మైక్రోగ్రాములు, అంటే పది నిమిషాల డోసు. పంపు ఆపి, త్రీవేని పేషెంట్ వైపు మూసి, సిరంజి దగ్గర లైన్ వదులు చేసి ఒత్తిడి పోగొట్టాకే అడ్డు తీయాలి. సిరంజి మార్చేటప్పుడూ త్రీవే మూయడమే మొదటి పని. పట్టు వదిలిన పిస్టన్, పంపు ఎత్తులో ఉంటే, దానంతటదే జారుతుంది.

పంపు కొలిచేది మందును కాదు, పిస్టన్ జరిగిన దూరాన్ని. 50 సీసీ అని రాసున్నా లోపలి వ్యాసం కంపెనీకో రకం. స్టోర్ నుంచి వేరే కంపెనీ సిరంజిలు వచ్చిన రోజున పంపు మెనూలోనూ సిరంజి కంపెనీ మార్చాలి.

బ్యాటరీ మాత్రం నిరాశే. కొత్తలో ఐదు గంటలు ఆగేది, ఇప్పుడు స్కాన్‌కి తీసుకెళ్తే 40 నిమిషాలకే కూత, తెరపై గీతలేమో నిండుగానే! డెక్స్‌ట్రోజ్ ఒలికి ఎండితే పట్టు బిగుసుకుంటుంది, అప్పటికప్పుడు తడిగుడ్డతో తుడవాలి.

మళ్లీ కొనాల్సివస్తే ఇదే కొంటాం, బ్యాటరీ మార్పు వార్షిక కాంట్రాక్టులో రాయించుకుని.