తమ్ముడితో హైదరాబాద్: ఎక్కడ హాయిగా తిరిగాం, ఎక్కడ ఇబ్బంది పడ్డాం

ఆటిజం ఉన్న పెద్దవాళ్లను వెంటబెట్టుకుని హైదరాబాద్ వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా తమ్ముడికి ఇరవై దాటాయి. మాటలు తక్కువ. తర్వాత ఏం జరగబోతోందో ముందే చెబితే నిమ్మళంగా ఉంటాడు. చెప్పకుండా పెద్ద చప్పుడు వస్తే చెవులు మూసుకుని ఉన్నచోటే కూర్చుండిపోతాడు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో పని ఉండి కరీంనగర్ నుంచి వచ్చాం. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ అది. పని అయ్యాక వాడికి ఊరు చూపించాను.

మొదట దిగిన లాడ్జిలో జనరేటర్ పక్క గది ఇచ్చారు, మార్చమంటే కుదరదన్నారు. వాడు రాత్రంతా పడుకోలేదు. పొద్దున్నే ఇంకో చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. అక్కడి మేనేజర్ "తమ్ముడికి ఏం పడదో చెప్పండి మేడమ్" అని అడిగి, లిఫ్టుకు దూరంగా మూల గది ఇచ్చాడు. ఇడ్లీ మీద సాంబారు పోయకుండా విడిగా పెట్టించాడు. దీనికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

తిరగడానికి మెట్రో మాకు బాగా నచ్చింది. వచ్చే స్టేషన్ పేరు తెరమీద కనిపిస్తుంది, తెలుగులోనూ చెబుతారు. వాడు తలుపు పైనున్న మ్యాప్ చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ మాత్రం అమీర్‌పేటలో రైలు మారే పని పెట్టుకోకండి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటల గడియారం దగ్గరికి వెళ్లాలంటే నాకు టెన్షన్‌గా అనిపించింది. గంట అయ్యే సమయానికి జనం గుమిగూడతారు, లోపలి నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొడుతుంది. "పదకొండుసార్లు మోగుతుంది" అని ముందే చెప్పాను. వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చివరిదాకా విన్నాడు, నవ్వాడు కూడా. గోల్కొండలో అలా కుదరలేదు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని, వచ్చిన ప్రతి గుంపూ కొడుతూనే ఉంటుంది. ఎప్పుడు ఎవరు కొడతారో వాడికెలా తెలుస్తుంది? తెరిచిన వెంటనే, జనం రాకముందే వెళ్లడం మేలు.

జూ పార్కు విశాలం, చెట్ల నీడ ఉంది, అలిసిపోతే బ్యాటరీ బండి ఎక్కవచ్చు. సగం రోజు హాయిగా గడిచింది.

అన్నిటికంటే పెద్ద కష్టం టాయిలెట్. ఎదిగిన తమ్ముణ్ణి ఆడవాళ్ల వైపు తీసుకెళ్లలేను, మగవాళ్ల వైపు నేను వెళ్లలేను. వాడు ఒంటరిగా వెళితే చేతులు ఆరబెట్టే మెషిన్ చప్పుడుకు బెదిరిపోతాడు. ఒక మాల్‌లో వికలాంగుల టాయిలెట్‌కు తాళం వేసి, లోపల చీపుళ్లూ బకెట్లూ పెట్టారు. తాళంచెవి అడిగితే "బాగానే నడుస్తున్నాడు కదమ్మా" అన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. కంటికి కనిపించనంత మాత్రాన అవసరం లేనట్టు కాదు కదా! తోడు మనిషితో కలిసి వెళ్లగలిగే ఒక గది ప్రతిచోటా తెరిచి ఉండాలి. అది లేకపోతే మాలాంటివాళ్లు మంచినీళ్లు తాగడం కూడా మానేసి తిరగాలి.

ఇలా కంటికి కనిపించని వైకల్యం ఉన్నవాళ్ల కోసం లండన్ గాట్విక్ విమానాశ్రయంలో 2016లో పొద్దుతిరుగుడు పువ్వు గుర్తున్న ఆకుపచ్చ మెడపట్టీ మొదలుపెట్టారు. అది వేసుకున్నవాళ్లకు కాస్త ఎక్కువ సమయం, ఓపిక కావాలని సిబ్బందికి అర్థమవుతుంది, సంజాయిషీ అడగరు. బెంగళూరు విమానాశ్రయంలోనూ ఈ పద్ధతి ఉంది. మన మ్యూజియాల్లో, బస్టాండ్లలో, ఆసుపత్రుల్లో కూడా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. వారంలో ఒక పొద్దుటి పూట మైకులు ఆపి, తక్కువమందిని పంపినా మాకు ఎంతో మేలు.

మీరు బయల్దేరేటప్పుడు యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) జిరాక్స్, చెవులకు హెడ్‌ఫోన్లు తప్పకుండా పెట్టుకోండి. మ్యూజియానికి శుక్రవారం, జూకు సోమవారం సెలవు. వెళ్లి చూశాక మూసి ఉంటే వాళ్లను సముదాయించడం చాలా కష్టం.