వ్యాన్ మీద పేరుకు ఏది మేలు: క్యాలెండర్డ్ వినైలా, కాస్ట్ వినైలా?

చెన్నై పెరంబూరులో మాది చిన్న కేటరింగ్. భోజనాలతో పాటు పచ్చళ్ళు, పొడులు కూడా ఇస్తాం. మాకు రెండు వ్యాన్లున్నాయి. రెండిటి మీదా ఒకే పేరు, అవే ఎర్రటి అక్షరాలు, అదే కొలత. ఈ అక్షరాలు వినైల్‌తో, అంటే వెనక గమ్ ఉండే పలచటి ప్లాస్టిక్ స్టిక్కర్‌తో చేసినవి. మొదటిదానికి చౌకగా వస్తుందని క్యాలెండర్డ్ వినైల్ వేయించాను. కొన్ని నెలల తర్వాత కొన్న రెండోదానికి, జీపీ రోడ్డులో ఒక షాపతను గట్టిగా చెప్పడంతో కాస్ట్ వినైల్ వేయించాను. ఖరీదు రెండింతల పైమాటే. నాలుగేళ్ళు రెండూ ఒకే వీధిలో, ఒకే ఎండలో నిలబడ్డాయి. మొదటి వ్యాన్ మీద ‘పచ్చళ్ళు’లో చివరి ళ-ఒత్తు రెండో ఏడు నిండకముందే రాలిపోయింది. రెండోదాని మీద సున్నా కూడా చెక్కుచెదరలేదు.

ఈ రెండు వినైళ్ళకూ తేడా తయారీలోనే ఉంది. క్యాలెండర్డ్ రకాన్ని వేడి రోలర్ల మధ్య నొక్కి పలుచన చేస్తారు. పూరీ ఒత్తుతుంటే మైదా వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది కదా, ఈ ప్లాస్టిక్ కూడా అంతే. ఎండ తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి కుంచించుకుపోతుంది. అక్షరం తగ్గిన చోట చుట్టూ గమ్ బయటపడి, దానికి దుమ్ము అంటుకుని నల్లటి గీత ఏర్పడుతుంది. కాస్ట్ రకం అట్టు పోసినట్టు తయారవుతుంది. ద్రవాన్ని పలచగా పరిచి ఓవెన్‌లో ఆరబెడతారు. ఎవరూ లాగి సాగదీయలేదు కాబట్టి అది వెనక్కి ముడుచుకోదు. మందం కూడా 50 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది, క్యాలెండర్డ్ సాధారణంగా 75 నుంచి 100. పలచగా ఉండటం వల్ల డోర్ మీది వంపులకు, గాడులకు హత్తుకుపోతుంది.

షాపులో ‘వినైల్’ అని మాత్రమే అడిగితే ఏది చేతికొస్తే అది వేస్తారు. పేరు పెట్టి అడగండి. ఉదాహరణకు ఒరాకల్ బ్రాండ్‌లో 651 క్యాలెండర్డ్, 751 కాస్ట్. క్యాలెండర్డ్‌లో మళ్ళీ మోనోమెరిక్, పాలిమెరిక్ అని రెండు రకాలు. మోనోమెరిక్ బయట రెండు మూడేళ్ళు నిలిస్తే గొప్ప. పాలిమెరిక్ అంతకంటే బాగా ఎక్కువ కాలం ఆగుతుంది. కంపెనీలు చెప్పే ఆయుష్షు నిలువుగా ఉండే తలుపులకే అని గుర్తుంచుకోండి. బానెట్, టాప్ మీద నేరుగా ఎండ పడుతుంది కాబట్టి అక్కడ ఏ రకమైనా చాలా ముందే పాడవుతుంది.

తెలుగులో పేరు రాయించుకునేవాళ్ళకు ఈ తేడా ఇంకా తొందరగా తెలుస్తుంది. మన అక్షరాల తలకట్టులు, ఒత్తులు, సన్నటి తోకల్లో చాలావరకు, అక్షరాలు కోసే ప్లాటర్ మెషిన్‌లో కట్ అయ్యాక చిన్న చిన్న ముక్కలుగా మిగులుతాయి. ముక్క ఎంత చిన్నదైతే పట్టుకునే గమ్ అంత తక్కువ. అందుకే ఏ రకమైనా మందపాటి ఫాంట్ ఎంచుకోండి. తెలుగు రాని కుర్రాడు అక్కర్లేని వినైల్ పీకేటప్పుడు ఒత్తులు కూడా దానితో పోవచ్చు. కట్ చేసిన అక్షరాలను ఎత్తి వ్యాన్ మీద పెట్టడానికి పైన అంటించే ట్రాన్స్‌ఫర్ టేప్ వేయకముందే మీరే కూర్చుని అక్షరం అక్షరం చూసుకోండి. నేను చూసుకోకపోవడం వల్ల మొదటిసారి ఒక తలకట్టు లేకుండానే వ్యాన్ ఇంటికొచ్చింది.

అతికించడంలో తడి పద్ధతా, పొడి పద్ధతా అంటే, చిన్న అక్షరాలకు తడి సులువు. నీళ్ళలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ కలిపి చల్లితే స్టిక్కర్‌ను జరిపి సరిచేసుకోవచ్చు. కానీ నీళ్ళు పూర్తిగా ఆరేదాకా గమ్ పట్టదు. తొందరపడి ట్రాన్స్‌ఫర్ టేప్ లాగితే ఒత్తులు దానితోనే వచ్చేస్తాయి. గాలి బయటికి పోయే గాడులున్న ఫిల్మ్ అయితే పొడిగానే వేయాలి, తడిపితే ఆ గాడుల్లో నీళ్ళు నిలుస్తాయి. ఏ పద్ధతికైనా ముందు షాంపూతో కడిగి, మైనం, పాలిష్ పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. చెన్నైలో మే నెల కత్తెర ఎండల్లో ఈ పని పెట్టుకోకండి. కాలే రేకు మీద గమ్ క్షణంలో అంటుకుని, ముడత పడితే ఇక తీయనివ్వదు. జనవరిలో, పొద్దున్నే, నీడలో వేయించండి. ఒక రోజంతా కడగకండి.

కానీ నా దృష్టిలో అసలు పోలిక ఊడదీసేటప్పుడు తెలుస్తుంది. మొదటి వ్యాన్ అక్షరాలు తీయించడానికి వెళితే, ఆ పనిచేసే తెలుగు కుర్రాడు గోటితో గీకి చూసి, “అక్కా, ఇది పీకితే రాదు, పెంకులు పెంకులుగా రాలుద్ది” అన్నాడు. వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ ఎండకు పోయి అది అప్పడంలా పెళుసెక్కింది. రెండు తలుపులకు ఒక పూటంతా పట్టింది. తర్వాత రెండో వ్యాన్ మీద ఫోన్ నంబర్ మార్చాల్సి వస్తే, హీట్ గన్ చూపించి పట్టుకుని లాగగానే అంకెలు ముక్క కాకుండా వచ్చేశాయి. పది నిమిషాల పని. అలాగని కాస్ట్‌ను కూడా దాని ఆయుష్షు దాటేదాకా వదిలేస్తే పెళుసెక్కుతుంది. పలచన కాబట్టి అప్పుడు తీయడం ఇంకా కష్టం.

తీసే పద్ధతుల్లో నేను ముందు వేడికే ఓటేస్తాను. చెయ్యి పెట్టి కాసేపు ఓర్చుకోగలిగినంత వేడి చాలు. అంతకు మించితే ఫిల్మ్ సాగిపోయి గమ్ మొత్తం పెయింట్ మీదే ఉండిపోతుంది. వెనక్కి వాలుగా, నిదానంగా లాగాలి. హీట్ గన్ లేకపోతే గంటసేపు ఎండలో పెట్టండి. మిగిలిన గమ్‌కు సిట్రస్ రిమూవర్ రాసి, కాసేపు నాననిచ్చి, ప్లాస్టిక్ చెక్కతో గీకి, షాంపూతో కడిగేయండి. థిన్నర్ మాత్రం ముట్టుకోవద్దు, ముఖ్యంగా టింకరింగ్ చేసి మళ్ళీ రంగు కొట్టిన తలుపుల మీద. డ్రిల్‌కు తగిలించే రబ్బరు చక్రం పెళుసు స్టిక్కర్లను తొందరగా తీస్తుంది, నిజమే. కానీ ఒకే చోట నిలిపితే రాపిడి వేడికి పెయింట్ మాడుతుంది. అలవాటైన చేతికే ఇవ్వండి.

టింకరింగ్ అయిన తలుపు గురించి ఇంకో మాట. కంపెనీ పెయింట్ వేడిలో కాల్చినది, వర్క్‌షాప్ పెయింట్‌కు అంత పట్టు ఉండదు. స్టిక్కర్ లాగితే దానితో రంగు పొర లేచే ప్రమాదం ఏ వినైల్‌కైనా ఉంది. కొత్తగా రంగు కొట్టాక కనీసం మూడు నాలుగు వారాలు ఆగి వేయించండి.

అద్దం మీది స్టిక్కర్ తీసే సంగతి వేరు. 2024 మే 2 నుంచి చెన్నై ట్రాఫిక్ పోలీసులు అనధికారిక ‘ప్రెస్’, ‘పోలీస్’ లాంటి స్టిక్కర్ల మీద చర్యలు మొదలుపెట్టినప్పుడు చాలామంది అద్దాలు గీక్కోవాల్సి వచ్చింది. సబ్బు నీళ్ళతో తడిపి బ్లేడు వాడొచ్చు. అయితే వెనక అద్దం లోపలివైపు, మంచు పొర పోగొట్టే డీఫాగర్ తీగల మీద బ్లేడు పెట్టకండి, తెగిపోతాయి.

మరి క్యాలెండర్డ్ ఎవరికి? పండగ ఆఫర్‌కో, ఆరు నెలల కాంట్రాక్టుకో, చదునైన రేకు మీద వేసి ఏడాది లోపు తీసేసేవాళ్ళకు అది చాలు, డబ్బు మిగులుతుంది. మూడేళ్ళకు మించి ఉంచే వ్యాపారం పేరుకు కాస్టే వేయించండి. బడ్జెట్ కుదరకపోతే పాలిమెరిక్ వేయించి, పెళుసెక్కకముందే తీయించండి.

మా మొదటి వ్యాన్‌కు ఇప్పుడు కాస్ట్ వేయించాను. పాత అక్షరాలున్న చోట రంగు కొత్తగా, చుట్టూ వెలిసిపోయి, ఆ పేరు నీడలా కనిపించింది. పాలిష్ చేస్తే తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అందుకని కొత్త అక్షరాలు అదే ఫాంట్‌లో, అదే కొలతలో, సరిగ్గా ఆ నీడ మీదే పెట్టించాను.