జీపీఏ మూడు దాటకపోతే మెడిసిన్‌కు ఏ దారి మేలు?

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ పూర్తయింది. నాలుగుకు లెక్కగట్టే సగటు గ్రేడు, అంటే జీపీఏ, 2.9 దగ్గర ఆగింది. డాక్టరు కావాలన్న కోరిక మాత్రం చావలేదు. ఇలాంటి పిల్లలు అక్కడి తెలుగు కుటుంబాల్లోనూ తక్కువేమీ లేరు, బయటికి చెప్పుకోరంతే. అక్కడ డాక్టరు పట్టా అయిన ఎండీ ఇచ్చే కళాశాలల్లో చేరుతున్నవారి సగటు జీపీఏ సుమారు 3.8, ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌లో స్కోరు 511, 512 ప్రాంతంలో ఉంటుంది. ఏటా దరఖాస్తు చేసే యాభై వేల పైచిలుకు మందిలో సీటు దొరికేది సగం కంటే తక్కువమందికే. కాబట్టి 2.9ని అలాగే పట్టుకుని ముప్పై కళాశాలలకు దరఖాస్తు పెట్టడమంటే వాటికి ఫీజులు దానం చేయడమే.

ఇక ఇంట్లో సలహాలకు కొదవ ఉండదు. మళ్లీ సైన్స్ కోర్సులు చదవమని ఒకరు, మాస్టర్స్ చేయమని మరొకరు, అక్కడి మరో డాక్టరు పట్టా డీఓ ఇచ్చే కళాశాలలకు పెట్టమని ఇంకొకరు చెబుతారు. కరీబియన్ దీవుల్లో జనవరికే సీటు ఉందని ఏజెంటు ఫోను చేస్తాడు. ఇండియాకు పంపేయమని అమ్మమ్మ అంటుంది. ఈ దారుల్లో ఏదీ పూర్తిగా తప్పుడుది కాదు. ఎవరికి ఏది సరిపోతుందో తేల్చుకోవాలంటే ముందు కాగితం, కలం తీసుకుని కూర్చోవాలి.

కోర్సుల బరువును క్రెడిట్లలో కొలుస్తారు. 120 క్రెడిట్లు, 2.9 జీపీఏ అనుకుందాం. ఆపైన మరో 30 క్రెడిట్లు చదివి ప్రతి కోర్సులోనూ అన్నిటికంటే పై గ్రేడైన ‘ఏ’ (4.0) తెచ్చుకున్నా మొత్తం జీపీఏ 3.12 దగ్గరే ఆగుతుంది. 60 క్రెడిట్లు చదివితే 3.27. రెండేళ్ల నిప్పులాంటి చదువుకు దక్కేది ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఎండీ దరఖాస్తులో సైన్స్ జీపీఏను వేరే చూపిస్తారు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం మాత్రమే ఉండే లెక్క అది. సైన్స్‌లో 45 క్రెడిట్లకు 2.6 ఉన్నవారు 30 క్రెడిట్లు ‘ఏ’ గ్రేడుతో చదివితే అది 3.16కు చేరుతుంది. తక్కువ క్రెడిట్ల మీద కొత్త గ్రేడుల బరువు ఎక్కువ పడుతుంది. అంతకంటే ముఖ్యమైనది సంవత్సరాలవారీగా కనిపించే పట్టిక. మొదటి రెండేళ్లు ‘సీ’ గ్రేడులు, చివరి రెండేళ్లు వరసగా ‘ఏ’ గ్రేడులు ఉన్న విద్యార్థినీ, నాలుగేళ్లూ బీ మైనస్‌తో నడిచిన విద్యార్థినీ అడ్మిషన్ల కమిటీ ఒకేలా చూడదు.

ఈ లెక్కలో పెద్దవాళ్లు తరచూ పొరబడే చోటు ఒకటుంది. ఎండీ కళాశాలలకు దరఖాస్తులు పంపే ఆమ్కాస్ వ్యవస్థలో మళ్లీ చదివిన కోర్సు పాత గ్రేడును చెరిపేయదు, రెండూ లెక్కకు వస్తాయి. డీఓ కళాశాలల ఆకోమాస్‌లో ఒకప్పుడు కొత్త గ్రేడే నిలిచేది. 2017లో ఆ వెసులుబాటు తీసేశారు. అంతకు ముందు ఆ దారిన డాక్టరయిన అన్నయ్యలు ఇప్పటికీ అదే సలహా ఇస్తుంటారు, వాళ్ల కాలానికి అది నిజమే. ఒక్క టెక్సస్‌లో మాత్రం అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అనే చట్టం కింద, రాష్ట్ర నివాసులు పదేళ్లు దాటిన కోర్సులన్నిటినీ లెక్కలోంచి తీయించుకోవచ్చు. మంచి గ్రేడులు కూడా వాటితోపాటే పోతాయి. ముప్పై ఏళ్లు దాటాక మనసు మార్చుకున్న డాలస్, హ్యూస్టన్ వాసులకు ఇది పనికొస్తుంది. నిన్నగాక మొన్న డిగ్రీ చేసినవారికి కాదు.

ఇప్పుడు అసలు పోటీ: పోస్ట్‌బ్యాకా, స్పెషల్ మాస్టర్సా?

డిగ్రీ తర్వాత మళ్లీ డిగ్రీ స్థాయి సైన్స్ కోర్సులు చదవడమే పోస్ట్‌బ్యాక్. ఈ గ్రేడులు పాత జీపీఏలో కలుస్తాయి. దీనికి పేరున్న ప్రోగ్రాములో చేరనక్కరలేదు. ఇంటి దగ్గరి స్టేట్ యూనివర్సిటీలో పేరు నమోదు చేసుకుని, పగలు క్లినిక్‌లో డాక్టరు మాటలు రాసిపెట్టే స్క్రైబుగానో మెడికల్ అసిస్టెంటుగానో పనిచేస్తూ సాయంత్రం బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ చదివేవాళ్లున్నారు. హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్ వంటి చోట్ల సాయంత్రం తరగతులు అందుకే నడుస్తాయి. కమ్యూనిటీ కాలేజీ ఇంకా చవక, ఆ గ్రేడులూ లెక్కకొస్తాయి. కాకపోతే బలహీనమైన రికార్డును బాగుచేసుకోవాలనుకునేవారు పై స్థాయి కోర్సులు నాలుగేళ్ల యూనివర్సిటీలో చదివితేనే కమిటీలకు నమ్మకం కలుగుతుంది. ఇంకో మాట. బ్రిన్ మార్, గౌచర్ లాంటి పేరున్న పోస్ట్‌బ్యాక్‌లు సైన్స్ అసలు చదవకుండా వేరే రంగం నుంచి వచ్చేవారి కోసం పెట్టినవి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ తెచ్చుకున్నవారికి అక్కడ చోటు లేదు, వెబ్‌సైటు ఎంత అందంగా ఉన్నా.

స్పెషల్ మాస్టర్స్ లెక్క వేరు. జార్జ్‌టౌన్, బోస్టన్ యూనివర్సిటీ వంటి చోట్ల వైద్య కళాశాల మొదటి ఏడాది చదివే స్థాయి పాఠాలనే ఏడాదిపాటు చెబుతారు, పరీక్షల్లో వైద్య విద్యార్థుల మార్కులతో పోల్చి చూస్తారు. అక్కడ బాగా రాణిస్తే, ఈ విద్యార్థి మెడిసిన్ పాఠాలు తట్టుకోగలడా అన్న అనుమానం తీరిపోతుంది. ఇంత సూటి రుజువు పోస్ట్‌బ్యాక్ ఇవ్వలేదు. కానీ మాస్టర్స్ గ్రేడులను వేరే గడిలో చూపిస్తారు, డిగ్రీ జీపీఏ అంగుళం కూడా కదలదు. 2.8 ఉన్నవారి దరఖాస్తును 3.0 కోతపెట్టే కంప్యూటరు పక్కన పడేస్తే ఆ మాస్టర్స్‌ను చదివే మనిషే ఉండడు. పైగా ఇది ఒక్కసారి దూకే గోడ. పోస్ట్‌బ్యాక్‌లో ఒక సెమిస్టరు తడబడితే ఆగి సర్దుకోవచ్చు. స్పెషల్ మాస్టర్స్‌లో ‘బీ’, ‘సీ’ గ్రేడులు వస్తే, మెడిసిన్ పాఠాలు ఇతనికి ఎక్కవని మన చేత్తో మనమే రాసిచ్చినట్టవుతుంది.

డబ్బు సంగతి కూడా మారింది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి పీజీ చదువులకు ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణాలు లేవు. మామూలు మాస్టర్స్‌కు ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు మించదు. చాలా స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రాములకు ఫీజు, ఇంటి అద్దె కలిపితే అది సగానికీ చాలదు. మిగతాది బ్యాంకు అప్పు, లేదా నాన్నగారి రిటైర్‌మెంట్ ఖాతా.

అందుకే నా వరస ఇది. జీపీఏ 3.0కి లోపల ఉన్నవారు, లేదా సైన్స్ గ్రేడులు మరీ తక్కువున్నవారు ముందు పోస్ట్‌బ్యాకే చేయాలి. 3.2, 3.3 మధ్య ఇరుక్కుని, ఇప్పటికే 150 క్రెడిట్లు పైబడి, ఎన్ని కోర్సులు చదివినా అంకె కదలని స్థితిలో, చేతిలో మంచి ఎమ్‌క్యాట్ స్కోరు కూడా ఉన్నవారికి స్పెషల్ మాస్టర్స్ అర్థవంతం. ఈ రెండింటికీ ముందు మరొక ప్రశ్న ఉంది. గ్రేడులు ఎందుకు పడ్డాయి? వారానికి ముప్పై గంటల ఉద్యోగమా, అనారోగ్యమా, ఇంట్లో కష్టమా, లేక చదివే పద్ధతే రాదా? ఆ కారణం ఇంకా తీరకుండా ఏ ప్రోగ్రాములో చేరినా పాత గ్రేడులే కొత్త ఫీజుతో వస్తాయి. ఈ ప్రశ్న అడగని కౌన్సిలరుకు డబ్బు కట్టడం దండగ.

ఎమ్‌క్యాట్ గురించి ఎక్కువ చెప్పను. 472 నుంచి 528 వరకు ఉండే ఆ స్కోరు తక్కువ జీపీఏకు కొంత ఊతం ఇస్తుంది, దాని స్థానాన్ని భర్తీ చేయదు. జీపీఏ 2.9, ఎమ్‌క్యాట్ 518 అంటే తెలివి ఉంది, నాలుగేళ్లు కూర్చుని చదివే ఓపిక లేదేమో అని అర్థం చేసుకునేవారూ ఉంటారు. జీవితకాలంలో ఏడుసార్లే రాయనిస్తారు, రాసిన స్కోర్లన్నీ కళాశాలలకు కనిపిస్తాయి. ఎలా ఉంటుందో చూద్దామని ఒకసారి రాసి వచ్చే అలవాటు ఈ పరీక్షకు పనికిరాదు.

ఇక ఎండీయా, డీఓయా అన్నది. మన కుటుంబాల్లో ఈ ప్రశ్నకు అవసరానికి మించిన బరువు ఉంది. ఆస్టియోపతిక్ వైద్యవిద్య 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో మొదలైంది. అమెరికాలో ఇప్పుడు ప్రతి నలుగురు వైద్య విద్యార్థుల్లో ఒకరికి పైగా డీఓ కళాశాలల్లోనే ఉన్నారు. యాభై రాష్ట్రాల్లోనూ పూర్తి లైసెన్సు వస్తుంది, ఆపరేషన్లు చేస్తారు. 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ పట్టా తర్వాత ఆసుపత్రిలో చేసే రెసిడెన్సీ శిక్షణ ఒకే వ్యవస్థ కింద నడుస్తోంది. ఈ రెండు డిగ్రీల మధ్య గోడ ఎంత పలచనో 1962లో కాలిఫోర్నియా చూపించింది: అక్కడి డీఓలు 65 డాలర్లు కట్టి ఎండీ పట్టా తీసుకోగలిగారు. డీఓ కళాశాలల్లో చేరేవారి సగటు జీపీఏ 3.6 ప్రాంతం, ఎమ్‌క్యాట్ 503, 504 దగ్గర ఉంటుంది. పోస్ట్‌బ్యాక్‌తో పైకి వచ్చిన విద్యార్థికి ఈ తలుపు చాలా దగ్గర. లోటు లేదనను. డెర్మటాలజీ, న్యూరోసర్జరీ వంటి వాటికి డీఓలకు దారి ఇరుకు, చాలామంది తమ లైసెన్సు పరీక్ష కామ్లెక్స్‌తోపాటు ఎండీల లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ కూడా రాసుకోవాల్సి వస్తుంది. కానీ 2.9తో మొదలుపెట్టిన కుర్రాడి ఇంట్లో, రాబోయే న్యూరోసర్జరీ అవకాశాల కోసం ఇప్పుడు చేతికందే డీఓ సీటును వదులుకోమనడం నాకు ఎంతకూ అర్థం కాదు. దరఖాస్తులు రెండింటికీ కలిపే పెట్టాలి. ఎండీ రానప్పుడు డీఓ చూద్దామంటే ఒక ఏడాది పోతుంది.

కరీబియన్ కళాశాలల విషయంలో నా మాట కాస్త కటువుగా ఉంటుంది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. గ్రెనడాలో 1976లో పుట్టిన సెయింట్ జార్జ్ యూనివర్సిటీ, ఇప్పుడు బార్బడోస్‌లో ఉన్న రాస్ వంటివి వేలమంది డాక్టర్లను అమెరికాకు ఇచ్చాయి. ఆకర్షణ కూడా తెలిసిందే: ఏడాదికి రెండు మూడుసార్లు ప్రవేశాలు, తక్కువ జీపీఏకూ సీటు, మూడో ఏడాది నుంచి అమెరికా ఆసుపత్రుల్లో శిక్షణ.

చిక్కంతా వాళ్లు చూపించే శాతాల్లో ఉంది. చాలా కళాశాలల్లో యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ మొదటి అంచె రాయాలంటే ముందు కళాశాల పెట్టే వడపోత పరీక్ష దాటాలి. దాటలేనివారు అసలు పరీక్షకే వెళ్లరు. తర్వాత ప్రకటనలో 90 శాతానికి పైగా ఉత్తీర్ణత అని వేస్తే, ఆ 90 ఎవరిలోంచి వచ్చిందో మనమే అడగాలి. రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్ కూడా అంతే. విదేశాల్లో చదివిన అమెరికా పౌరుల్లో మ్యాచ్ అయ్యేది ఈమధ్య ఏళ్లలో సుమారు 67 శాతం. అమెరికాలోనే చదివిన ఎండీ చివరి ఏడాది విద్యార్థుల్లో 93 శాతం, డీఓల్లో 92 శాతం. ఈ 67లో కూడా మధ్యలో చదువు ఆపేసినవారు లేరు, చివరిదాకా వచ్చి మ్యాచ్‌లో నిలబడినవారే ఉన్నారు. 2022లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక కరీబియన్ వైద్య కళాశాల మీద ఇలాంటి శాతాల విషయంలో తప్పుదోవ పట్టించిందని చర్య తీసుకుంది కూడా.

కాబట్టి ఏ కళాశాల ప్రతినిధి వచ్చినా ఒకటే అడగండి: ఫలానా ఏడాది మొదటి టర్మ్‌లో చేరినవారిలో ఎంతమంది అనుకున్న గడువులో పట్టా తీసుకుని రెసిడెన్సీలో చేరారు? సూటిగా అంకె చెబితే మిగతా మాటలు వినవచ్చు. ట్యూషన్ ఒక్కటే రెండున్నర లక్షల డాలర్లు దాటే కళాశాలలున్నాయి. కొత్త చట్టంలో వైద్యవిద్యకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000, మొత్తం మీద రెండు లక్షలకు పరిమితమైంది. అక్కడ రెండో ఏడాదిలో ఆగిపోయినవారికి అప్పు మిగులుతుంది, ఒక వైద్య కళాశాలలో ఫెయిలైన రికార్డుతో అమెరికా తలుపులు దాదాపు మూసుకుపోతాయి. పోస్ట్‌బ్యాక్‌కు రెండేళ్లు వృథా అని భయపడి ఈ దారిన వెళ్లేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ రెండేళ్లలో నేర్చుకోవలసిన చదువే అక్కడ మొదటి టర్మ్‌లో అడుగుతారు. చదివే పద్ధతి బాగుపడ్డాక, డీఓకు రెండుసార్లు పెట్టినా రాకపోతే, అప్పుడు పాత పేరున్న కళాశాలల్లో ఒకదాన్ని చూడవచ్చు.

ఇండియా దారి అమెరికా డిగ్రీ అయిపోయినవారికి నాకు అంతగా నచ్చదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు ఎన్‌ఆర్‌ఐ కోటాకు ఉంటాయి. నీట్ అర్హత తప్పనిసరి, అందులో డిగ్రీ జీపీఏను ఎవరూ అడగరు, నిజమే. 2021 మార్చి 4 తర్వాత విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు పొందినవారికి ఈ కోటా సీట్లే దిక్కు. కానీ 22 ఏళ్లకు మళ్లీ మొదటి నుంచి ఐదున్నరేళ్లు చదివి, తిరిగి వచ్చి యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ రాసి, అదే 67 శాతం గుంపులో నిలబడాలి. ఇండియాలోనే స్థిరపడే ఉద్దేశం ఉన్నవారికైతే మంచిదే.

చివరగా, హెచ్‌1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్‌4 వీసా మీద పెరిగిన పిల్లల సంగతి. 21 ఏళ్లు నిండితే ఆ వీసా పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్‌1కు మారాలి. చాలా అమెరికా వైద్య కళాశాలలు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారిని మాత్రమే తీసుకుంటాయి. ఫెడరల్ రుణాలు వీరికి ఎలాగూ లేవు. ఇలాంటివారు పోస్ట్‌బ్యాక్ ఫీజు కట్టేముందే అంతర్జాతీయ విద్యార్థులను తీసుకునే ఎండీ, డీఓ కళాశాలల జాబితా తయారు చేసుకుని, ఒక్కొక్క అడ్మిషన్ల ఆఫీసుకు ఈమెయిలు పెట్టి వీసా నియమం రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. దరఖాస్తులు మే నెలలో తెరుస్తారు, జూన్‌లో వచ్చినవాటిని ముందు చదువుతారు. కాబట్టి ఆ ఈమెయిళ్లు అంతకు ముందు చలికాలంలోనే వెళ్లిపోవాలి.