ఎన్‌వీడీఏ, దాన్ని నేర్పిన ఫోను కాల్స్: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

కంప్యూటర్ తెర మీది రాతను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్లలో ఎన్‌వీడీఏకు సాటి వచ్చేది నా ఎరుకలో లేదు. నాకు చూపు పూర్తిగా లేదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉత్తరాలు, ఎక్సెల్ పట్టికలు, పోర్టళ్లలో నమోదులు అన్నీ దాని మీదే చేస్తాను. అయినా కొత్తవారు ఎవరైనా “డౌన్‌లోడ్ చేసుకోమంటారా?” అని అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: మీకు తెలిసినవారిలో దాన్ని రోజూ వాడే అంధులు ఉన్నారా? ఉంటే ఈ రోజే మొదలుపెట్టండి. లేకపోతే ముందు అలాంటి మనిషిని వెతుక్కోండి. సాఫ్ట్‌వేర్ కొద్ది నిమిషాల్లో కంప్యూటర్‌లోకి వస్తుంది. అది మన చేతికి అలవాటు కావాలంటే మాత్రం మనలాంటి మనిషే పక్కన ఉండాలి. అందుకే ఈ సమీక్షలో సాఫ్ట్‌వేర్‌కు ఎంత చోటు ఇస్తున్నానో ఆ మనుషులకూ అంత ఇస్తున్నాను.

దాని పుట్టుక కూడా ఆ దారిలోనే జరిగింది. ఖరీదైన స్క్రీన్ రీడర్లు కొనలేనివారి సంగతి ఏమిటని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని రాయడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు అంధ బాలల సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే ఆయనతో కలిశారు. ఇద్దరికీ చూపు లేదు. మరుసటి ఏడాది ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. ఒక్క రూపాయి కట్టకుండా మన జిల్లా కేంద్రాల్లోని పిల్లలు ఈ రోజు కంప్యూటర్ నేర్చుకుంటున్నారంటే ఆ ఇద్దరికి ఎంతో రుణపడి ఉన్నాం. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఇక వాడకం సంగతి. ఇన్సర్ట్ గానీ క్యాప్స్‌లాక్ గానీ దీనికి ముఖ్యమైన కీ. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే లింకుకు, బి నొక్కితే బటన్‌కు వెళ్తాం. ఇవి ఏ గైడులోనైనా ఉంటాయి. గైడులో ఉండనిది వేరే ఉంది. మా ఆఫీసులో కొత్త పోర్టల్ వచ్చినప్పుడు చూపున్న సహోద్యోగులను అడిగితే, “కుడివైపు కింద ఆకుపచ్చ బటన్ ఉంది కదండీ, అది నొక్కండి” అనేవారు. సాయం చేయాలనే చెప్పేవారు. కానీ నాకు కుడీ లేదు, కిందా లేదు, ఆకుపచ్చా లేదు. నా పేజీ ఒకదాని తర్వాత ఒకటిగా వినిపించే మాటల వరుస మాత్రమే. అదే పోర్టల్‌ను పక్క జిల్లాలో వాడుతున్న మరో అంధ ఉద్యోగికి ఫోను చేస్తే ఆయన చెప్పిన తీరు ఇది: “పేజీ తెరుచుకోగానే హెచ్ రెండుసార్లు కొట్టు తమ్ముడూ. దరఖాస్తు వివరాలు అని వినిపిస్తుంది. అక్కడి నుంచి బి మూడుసార్లు. మూడింటికీ ఉత్త బటన్ అనే అంటుంది, పేరు చెప్పదు. మూడోదే సేవ్. నొక్కాక ఏమీ పలకదు, కంగారు పడకు. కంట్రోల్ హోమ్ కొట్టి పైనుంచి చదివించు, నమోదు సంఖ్య వచ్చి ఉంటుంది.” అంతే, పని అయిపోయింది. బటన్లకు పేర్లు పెట్టని పేజీని మనం మార్చలేం. దానిలో దారి తెలిసినవారు చెబితే మాత్రం దాటగలం.

గొంతు గురించి చెప్పాలి, చాలామంది వదిలేసేది ఇక్కడే. ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా చదువుతుంది, కానీ అది మనిషి గొంతులా ఉండదు. నీటికాసుల వల్ల నడివయసులో చూపు పోయిన ఒక టీచరుగారు మొదటిసారి విని, “ఇది తెలుగేనా?” అని బాధపడ్డారు. ఆమెకు నేను చెప్పింది, నాకు నా సీనియర్లు చెప్పిందే. వేగం బాగా తగ్గించి, మీకు కంఠతా వచ్చిన పద్యమో పాఠమో దానితో చదివించుకోండి. మాటలు ముందే తెలిసి ఉంటాయి కాబట్టి చెవి ఆ యాసను పట్టుకుంటుంది. తర్వాత రోజుకు కొంచెం వేగం పెంచండి. కొన్ని వారాలకు ఆమే ఫోను చేసి వేగం ఇంకా ఎలా పెంచాలని అడిగారు. ఎంత వేగంగా చదివించినా మాట విడివిడిగా వినిపించడమే ఈస్పీక్ బలం. మనిషి గొంతులా ఉండే ఇతర గొంతులు కథలు వినడానికి హాయిగా ఉంటాయి, ఫైళ్లు తిరగేయడానికి నాకు ఇదే నచ్చుతుంది.

తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోమని ఎవరినైనా గట్టిగా పట్టుబడతాను. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చే పద్ధతిలో వచ్చే సూచనల జాబితాను ప్రతిసారీ విని ఎంచుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ బాధ లేదు, కొట్టిందే పడుతుంది. క్ష కావాలంటే కె, డి, షిఫ్ట్ కామా: క, పొల్లు, ష. వేలికి అలవాటైతే ఆలోచించనక్కరలేదు. ఇన్సర్ట్‌తో 2 నొక్కి అక్షరాలు పలికే ఏర్పాటు పెట్టుకుంటే ఏ కీ పడిందో అప్పటికప్పుడు తెలుస్తుంది. శ, ష తేడా మాత్రం ఈ గొంతులో చెవికి తేలిగ్గా అందదు. అందుకే ఆఫీసు ఉత్తరం పంపేముందు అనుమానం ఉన్న మాటలను బాణం కీతో అక్షరం అక్షరంగా వినడం అలవాటు చేసుకున్నాను.

తెలుగువారికే ప్రత్యేకమైన పెద్ద చిక్కు ‘అను’ అనే పేరున్న ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో, చాలా కార్యాలయాల్లో ఇప్పటికీ వాటిలోనే టైపు చేస్తారు. చూసేవారికి చక్కని తెలుగు కనిపిస్తుంది. లోపల ఉన్నవి కంప్యూటర్ తెలుగుగా గుర్తించే యూనికోడ్ అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. కాబట్టి స్క్రీన్ రీడర్ వాటిని అర్థం లేని రణగొణగా చదువుతుంది. కొత్తవారు తమ కంప్యూటర్ పాడైందనుకుని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు. ఫైలు వర్డ్‌లో ఉంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరులో వేయాలి. స్కాన్ చేసిన ఉత్తర్వు అయితే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవాలి, అక్షరాలు చాలావరకు సరిగ్గానే వస్తాయి. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్ ఆర్ నొక్కితే బొమ్మలోని అక్షరాలను గుర్తించే విండోస్ ఓసీఆర్ పనిచేస్తుంది, ఇంగ్లీషు బొమ్మలకు చాలా మేలు, తెలుగు మాత్రం దానికి రాదు. ఈ మూడు ముక్కలు తెలియక రోజులకు రోజులు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. తెలిసినవారు చెబితే అయిదు నిమిషాల మాట.

ఇన్నేళ్లలో నాకు అన్నిటికన్నా మేలు చేసిన సౌకర్యం రిమోట్. మొదట 2015లో యాడాన్‌గా, అంటే విడిగా తగిలించుకునే అదనపు భాగంగా వచ్చింది, 2025.1 వెర్షన్ నుంచి ఎన్‌వీడీఏలోనే కలిపారు. ఇద్దరూ ఒకే కీ పదం ఇచ్చి కలిస్తే, నేను ఇక్కడ కీబోర్డు మీద కొట్టినది అవతలివారి కంప్యూటర్‌లో పడుతుంది, అది పలికేది నాకు ఇక్కడ వినిపిస్తుంది. తెర బొమ్మ ఏదీ ప్రయాణించదు, మాటలే వెళ్తాయి. అందువల్ల సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఫోను హాట్‌స్పాట్ మీద కూడా నడుస్తుంది. డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి, “అన్నా, వర్డ్‌లో ఏమి కొట్టినా రెండుసార్లు పలుకుతోంది” అంటే, కాకినాడ దాటి ఉన్న అతని ఊరి కంప్యూటర్‌ను నా బల్ల దగ్గర కూర్చుని సరిచేయగలిగాను. టైపు చేసిన అక్షరాలూ పదాలూ రెండూ పలికే ఏర్పాటు ఆన్‌లో ఉంది, అంతే. నేను చేస్తున్నంతసేపూ నా ప్రతి అడుగూ అతనూ విన్నాడు, తర్వాతిసారి తనే చేసుకున్నాడు. ఒక్క జాగ్రత్త: బ్యాంకు ఖాతా, ఓటీపీ పనులు తెరిచి ఉన్నప్పుడు ఎవరినీ రానివ్వకండి, పని అయ్యాక కనెక్షన్ తెంచండి.

వెర్షన్ల విషయంలోనూ వాడేవారి మాట వినడమే మంచిది. ప్రతి ఏడాదీ మొదట వచ్చే .1 వెర్షన్‌తో పాత యాడాన్‌లు పనిచేయకపోవచ్చు. ఆఫీసు కంప్యూటర్‌లో విడుదలైన రోజునే ఎక్కించకండి. మీరు వాడే యాడాన్ కొత్తదానికి సిద్ధమైందో లేదో ఎవరినైనా అడిగి అప్పుడు చేయండి. 2024.1 నుంచి విండోస్ 7 మీద ఎన్‌వీడీఏ నడవదు. పాత కంప్యూటర్లే ఉన్న బడులు, హాస్టళ్లు 2023.3 వరుసలోని ఆఖరి వెర్షన్‌తో సరిపెట్టుకోవాలి.

ఈ ఫోను కాల్స్‌లో కంప్యూటర్ ఒక్కటే ఉండదు. కొత్త నోట్లు గుర్తుపట్టడం నాకు నేర్పింది కూడా ఇలాంటి మిత్రులే. 100, 200, 500 మూడూ 66 మిల్లీమీటర్ల వెడల్పే, పొడవు మాత్రం 142, 146, 150. నాలుగేసి మిల్లీమీటర్ల తేడా ఒక్క నోటు చేతిలో ఉంటే తెలియదు, మరో నోటు అంచుకు ఆనించి చూస్తేనే తెలుస్తుంది. అందుకే తెలిసిన 100 నోటు ఒకటి కొలతకర్రలా జేబులో విడిగా పెట్టుకుంటాను. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన మణి యాప్ ఇంటర్నెట్ లేకుండానే నోటు విలువ చెబుతుంది, కానీ కిక్కిరిసిన బస్సులో ఫోను తీసి నోటుకు చూపడం కుదరదు, అక్కడ వేళ్లే దిక్కు.

పుస్తకాల పంపకం మరో పెద్ద మేలు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అంధులు చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చడం, వ్యక్తిగత చదువుకు అలాంటివారితో పంచుకోవడం నేరం కాదు. ఒకరు కష్టపడి స్కాన్ చేసి, తప్పులు దిద్దిన పోటీ పరీక్షల పుస్తకం మరెందరికో మళ్లీ ఆ శ్రమ తప్పిస్తుంది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఇదే పనిని దేశం మొత్తానికి చేస్తోంది, సభ్యత్వం లేనివారు తప్పకుండా తీసుకోండి.

లోపాలు లేవా? ఉన్నాయి. నోటి మాటగా తిరిగే సమాచారం ఎప్పటిదో ఎవరూ చెప్పరు. 1995 వికలాంగుల చట్టం నాటి 3 శాతం ఉద్యోగ రిజర్వేషన్ లెక్కను ఇప్పటికీ నమ్మకంగా చెప్పేవారు ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని 4 శాతం చేసింది, అందులో అంధులకు, మందదృష్టి ఉన్నవారికి కలిపి 1 శాతం. పరీక్షలో మన బదులు రాసిపెట్టే స్క్రైబ్ నిబంధనలదీ ఇదే గొడవ. పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం అనే మాట అందరికీ తెలుసు, ఏ ధ్రువపత్రం ఏ నమూనాలో కావాలో మాత్రం ఆ పరీక్ష ప్రకటనలోనే చదవాలి. ఎవరు చెప్పినా, నేను చెప్పినా, ఉత్తర్వు తేదీ అడగండి.

రెండో లోపం నన్ను ఇంకా బాధపెడుతుంది. అంధుల బడిలోనో హాస్టల్‌లోనో చదివినవారికి ఈ పరిచయాలు వాటంతటవే ఏర్పడతాయి. పెద్దయ్యాక చూపు పోయినవారికి, ఇల్లు దాటి ఎక్కువగా తిరగని ఆడవారికి ఇవి అందవు. ఆసుపత్రిలో ఇక చూపు రాదని చెప్పి పంపేస్తారు, ఆ తర్వాత ఎవరికి ఫోను చేయాలో ఆ చీటీ మీద ఉండదు. ఆ టీచరుగారు నా దాకా రావడానికి చూపు పోయాక చాలాకాలం పట్టింది, అది కూడా వాళ్ల బంధువుల అబ్బాయి మా ఆఫీసుకు వేరే పని మీద వచ్చి నేను టైపు చేయడం చూడటం వల్లే. జవాబు చెప్పేవారూ కొద్దిమందే. ఉద్యోగం, ఇల్లు చూసుకుని రాత్రిళ్లు వాళ్లే అందరి కాల్స్ ఎత్తుతారు. నేర్చుకున్న ప్రతివారూ మరొకరికి నేర్పితే ఆ భారం కొంత తగ్గుతుంది.

నాకు తీరని కోరిక తెలుగు గొంతు మెరుగుపడటం. ఈస్పీక్ అందరికీ తెరిచి ఉన్న ప్రాజెక్టు కాబట్టి ఉచ్చారణ నియమాలు తెలిసినవారు, ప్రోగ్రామింగ్ వచ్చినవారు కలిసి దిద్దవచ్చు. శ, ష తేడా, అంకెలు చదివే తీరు, తెలుగు మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు, ఈ మూడింటితో మొదలుపెడితే చాలు. విని తప్పులు రాసి ఇచ్చే పనికి నేను సిద్ధం. అప్పటిదాకా కొత్తవారు ఎన్‌వీడీఏను ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే పోర్టబుల్ కాపీగా ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో ఉంచుకోండి. ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని ఆఫీసు కంప్యూటర్‌లో, ఇంటర్నెట్ సెంటర్‌లో చాలాచోట్ల అది అలాగే నడుస్తుంది, మీ వేగం, మీ గొంతు సెట్టింగులు మీతోనే వస్తాయి.