ఏది మేలు: గడియారమా, గణాంకాలా, ఆట వీడియోనా?

ఏప్రిల్ వస్తే చాలు, మా ఫ్రిస్కోలో తెలుగువాళ్లు నలుగురు కలిసిన ప్రతిచోటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నయ్యా, కాలేజీ కుర్రవాడు అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడో లేదో దేన్ని చూసి చెప్పాలి? కంబైన్‌లో పరుగా, సీజన్ గణాంకాలా, ఆటల వీడియోలా?" ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డాలస్ కౌబాయ్స్ శిక్షణ కేంద్రం ఊళ్లోనే ఉండటం వల్లనేమో, ఇక్కడ పిల్లల కన్నా పెద్దలకే ఈ పిచ్చి ఎక్కువ. మేము పది మందిమి ఏటా ఒక పందెం వేసుకుంటాం. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ముందు తలా ఐదుగురి పేర్లు కాగితం మీద రాసి ఇవ్వాలి. మూడేళ్ల తరువాత లెక్క తీస్తాం, ఓడినవాళ్లు అందరికీ బిర్యానీ పెట్టాలి. మూడేళ్లు ఎందుకంటే, డ్రాఫ్ట్ మరునాడు అందరూ పండితులే.

నా కాగితాన్ని ఇప్పుడు ప్రధానంగా వీడియోలను నమ్ముకుని నింపుతున్నాను. అలాగని మిగతా రెండూ పనికిరావని కాదు.

ముందు గడియారం సంగతి. డ్రాఫ్ట్‌కు ముందు కంబైన్ పేరుతో ఇండియానాపోలిస్‌లో మూడు వందల మందికి పైగా కుర్రవాళ్లను నిలబెట్టి ఎత్తు, బరువు, చేతి పొడవు, అరచేతి వెడల్పు కొలుస్తారు. 40 గజాలు పరుగెత్తిస్తారు, గెంతిస్తారు, 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెడతారు. మనుషులను పశువుల సంతతో పోల్చకూడదు గానీ, ఆ ప్రసారం చూసినప్పుడల్లా మా తాత ఎద్దులను బేరమాడిన తీరే నాకు గుర్తుకొస్తుంది. పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, అటూ ఇటూ నడిపించి చూసేవాడు. ఇంతా చేసి, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించందే నడుముకు చుట్టిన డబ్బు తీసేవాడు కాదు.

కంబైన్‌లో ఆ కాడి లేదు. ఎదురుగా ప్రత్యర్థి ఉండడు, ఒంటి మీద ప్యాడ్లు ఉండవు. తెలిసిన గీత మీద తెలిసిన పరుగు, దానికోసమే వారాల తరబడి ప్రత్యేక శిక్షణ. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరుగెత్తి అప్పటి రికార్డు బద్దలు కొట్టాడు. సిన్సినాటి బెంగాల్స్ అతన్ని 9వ స్థానంలో తీసుకుంది. అదే కంబైన్‌లో 4.62 సెకన్లు తీసుకున్న కూపర్ కప్ 69వ స్థానం దాకా మిగిలిపోయాడు. రాస్ చెప్పుకోదగ్గ సీజన్ ఒక్కటీ ఆడకుండానే తెరమరుగయ్యాడు. కప్ 2021లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించడం) మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడై, ఆ సీజన్ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2008లో వెర్నన్ గోల్‌స్టన్ ఆ బరువును 37 సార్లు ఎత్తితే న్యూయార్క్ జెట్స్ 6వ స్థానంలో ఎగరేసుకుపోయింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతను పడగొట్టిన క్వార్టర్‌బ్యాక్‌ల (బంతి విసిరి ఆట నడిపేవాళ్ల) సంఖ్య సున్నా. అంత నెమ్మదిగా పరుగెత్తి కూడా మహా క్వార్టర్‌బ్యాక్ అయిన టామ్ బ్రేడీ 5.28 సెకన్ల కథ విని విని మీకూ విసుగొచ్చి ఉంటుంది, వదిలేస్తాను.

గడియారం మాట వినాల్సిన చోటు ఒకటుంది. పాసు అందుకునేవాణ్ని వెంటాడి ఆపే కార్నర్‌బ్యాక్ నెమ్మదిగా పరుగెత్తితే దానికి మందు లేదు. మెదడుతో కొంత కప్పిపుచ్చుకోవచ్చు గానీ, ఒక్క అడుగు వెనకబడితే టచ్‌డౌనే. ఆ స్థానానికి పేరు రాసేటప్పుడు నేనూ సెకన్లు చూస్తాను. నిజానికి కంబైన్‌లో జట్లకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది టీవీలో చూపించని వైద్య పరీక్ష. మోకాలి లోపల ఏముందో వీడియో చెప్పదు.

ఇక గణాంకాలు. వీటిని నమ్మేవాళ్లు మా పదిమందిలో ఆరుగురు. అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే కాబట్టి ఆశ్చర్యం లేదు. వాళ్లకు నేను ఎప్పుడూ ఇచ్చే జవాబు మన పక్కనున్న లబక్ ఊరు. (టెక్సస్‌లో ఐదు గంటల ప్రయాణం పక్కనే కదా.) అక్కడి టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో 2003లో బి.జె. సైమన్స్ అనే క్వార్టర్‌బ్యాక్ ఒకే సీజన్‌లో 5,833 గజాలు విసిరాడు. అది అప్పటికి కాలేజీ రికార్డు. డ్రాఫ్ట్‌లో అతన్ని ఏడో రౌండ్ దాకా ఎవరూ తాకలేదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతను నిలదొక్కుకోలేదు. ఎందుకంటే ఆ గజాలన్నీ అతనివి కావు, ఆ పద్ధతివి. పాసులు అందుకునే నలుగురైదుగురు రిసీవర్లను మైదానమంతా పరిచి, ఆటకు యాభై అరవై పాసులు వేయించే పద్ధతిలో ఎవరిని నిలబెట్టినా అంకెలు ఉబ్బుతాయి.

పదమూడేళ్ల తరువాత అదే విశ్వవిద్యాలయంలో, అదే రకం ఆటలో, ఇంకొక కుర్రవాడు ఒక్క రాత్రి ఓక్లహోమా మీద 734 గజాలు విసిరాడు. జట్టు 66-59తో ఓడింది. అంకెలనే నమ్మేవాడికి ఇతనూ సైమన్స్ లాంటివాడే. పైగా ఆ సీజన్‌లో జట్టు గెలిచిన ఆటల కన్నా ఓడినవే ఎక్కువ. అతనే తరువాత సూపర్ బౌల్‌లు గెలిచిన ప్యాట్రిక్ మహోమ్స్. రాస్‌ను తీసుకున్న మరుక్షణమే, 10వ స్థానంలో, కాన్సస్ సిటీ చీఫ్స్ అతన్ని పట్టుకుంది. అందుకోసం 27వ స్థానం నుంచి పైకి రావడానికి తరువాతి ఏడాది మొదటి రౌండ్ అవకాశాన్ని కూడా ఇచ్చేసింది. సైమన్స్‌నూ మహోమ్స్‌నూ వేరుచేసింది వీడియో ఒక్కటే. రక్షణ గోడ కూలిపోయాక, ఎడమవైపు పరుగెత్తుతూ, ఒంటి కాలి మీద ఉండి, ఒళ్లంతా ఒకవైపు, బంతి ఇంకొకవైపు. ఆ పాసుకూ, ఖాళీగా నిలబడ్డ రిసీవర్‌కు విసిరిన పాసుకూ పట్టికలో ఒకటే విలువ.

నాకు తుదితీర్పు ఇచ్చేది ఇదే. అనుకున్న ఎత్తు పారనప్పుడు కుర్రవాడు ఏం చేస్తాడు? కాలేజీలో మంచి జట్టు వాడికి పది ఎత్తుల్లో ఎనిమిది అనుకున్నట్టే నడుస్తాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ సుఖం ఉండదు. అందుకే మెరుపుల సంకలనాలు నేను అసలు చూడను. ఓడిన ఆట, బలమైన ప్రత్యర్థితో ఆడిన ఆట, మూడో డౌన్‌లో (పది గజాలకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఎనిమిది తొమ్మిది గజాలు కావలసిన సందర్భం, ఇవి వెతుక్కుంటాను. రిసీవర్ అయితే బంతి తనవైపు రానప్పుడు ఎలా పరుగెత్తుతున్నాడో చూస్తాను. అప్పుడు నడిచేవాడు లీగ్‌లోనూ నడుస్తాడు. లైన్‌లో, అంటే ముందు వరుసలో, ఆడేవాడైతే నాలుగో క్వార్టర్ మాత్రమే చూస్తాను, కాళ్లు అప్పుడే అబద్ధం ఆడటం మానేస్తాయి. చిక్కల్లా టీవీ కెమెరా బంతి వెంట పోవడం. ఇరవై ఇద్దరూ కనిపించే పైనుంచి తీసిన వీడియో దొరికితే అదృష్టం. లేకపోతే ఒకే ఎత్తును మూడుసార్లు వెనక్కి తిప్పి, బంతిని మరిచి మనిషిని చూడాలి.

మరి ఈ పద్ధతి నన్ను ఎన్నడూ ముంచలేదా? నిలువునా ముంచింది. 2018 డ్రాఫ్ట్ మా పక్కనే ఆర్లింగ్టన్‌లో జరిగింది. వయోమింగ్ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ గురించి మా ఇంట్లో రెండు వారాలు వాదులాడుకున్నాం. గణాంకాలవాళ్లు వద్దన్నారు, పాసుల్లో చేరినవి 56 శాతమే. గడియారం వాళ్లు ముద్దన్నారు, ఆ ఎత్తు, ఆ భుజబలం. నేను నా సూత్రం ప్రకారం బలమైన జట్లతో ఆడిన ఆటలు తీశాను. ఐయోవా మీద ఓటమి, ఒరెగాన్ మీద ఘోరమైన ఓటమి, ఆ రెండో ఆటలో విసిరింది మొత్తం 64 గజాలు. కొట్టేశాను. బఫలో బిల్స్ 7వ స్థానంలో తీసుకున్న ఆ కుర్రవాడు మొదటి ఏడాది 52.8 శాతంతో తడబడి, మూడో ఏడాదికి 69.2 శాతానికి ఎదిగి, 2024 సీజన్‌లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆ పందెంలో బిర్యానీ పెట్టింది నేనే.

తరువాత అవే ఆటలు మళ్లీ తిరగేశాను. తప్పు వీడియోది కాదు, నాది. అంతకుముందు ఏడాది అతనితో ఆడిన ముఖ్యులు కొందరు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయారు. మిగిలిన రిసీవర్లకు ఎడం దొరకడం లేదు, ముందున్న లైను ఆగడం లేదు. అదంతా తెర మీదే ఉంది. నేను బంతి ఎక్కడ పడిందో చూశాను గానీ, ఎందుకు అక్కడ పడిందో చూడలేదు. అంటే వీడియో పేరుతో నేను చూసిందీ గణాంకాలే.

కంప్యూటర్‌తో తేల్చాలనుకోవడం ఇప్పటి వింత కాదు. 1960ల ఆరంభంలోనే మా కౌబాయ్స్ ఆ పని చేసింది, చేసిపెట్టింది ఒక భారతీయుడు. అలీగఢ్‌లో చదువుకున్న సంఖ్యాశాస్త్రవేత్త సలామ్ ఖురేషీ. తెలిసిన ఆట క్రికెట్. జట్టు అధికారులు టెక్స్ ష్రామ్, గిల్ బ్రాంట్‌లతో కూర్చుని, ఆటగాణ్ని తూచే వందల లక్షణాలను వడగట్టి కొద్దిపాటి గుణాలకు కుదించాడు. వాటిలో బలం, చురుకుదనంతో పాటు నడవడిక, పోటీతత్వం, మెదడు చురుకుదనం కూడా ఉన్నాయి. మా సాఫ్ట్‌వేర్ మిత్రులు ఈ కథను తమ వాదానికి వాడుకుంటారు. కానీ ఆ యంత్రానికి మేత ఏమిటి? మైదానాల వెంట తిరిగిన స్కౌట్లు కళ్లతో చూసి వేసిన మార్కులు. పోటీతత్వాన్ని కొలిచే గడియారం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇంటర్వ్యూలు, మెదడు పరీక్షలు, అరచేతి కొలతల గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయని 2023లో క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్ గురించి వార్తలొచ్చాయి, ఆ ఏడాదే అతను ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. అరచేయి చిన్నదని అనిపించుకున్న క్వార్టర్‌బ్యాక్ జో బరో 2020లో మొట్టమొదట ఎంపికై సూపర్ బౌల్ దాకా వెళ్లాడు. మాక్ డ్రాఫ్ట్‌లు (ఎవరు ఎవరిని తీసుకుంటారో ముందే ఊహించే జాబితాలు) కాలక్షేపానికి మంచివే. అలబామాలోని మొబీల్‌లో డ్రాఫ్ట్‌కు వెళ్లే కాలేజీ ఆటగాళ్లకు జరిగే సీనియర్ బౌల్ సాధన ఆటలు మాత్రం వదలకండి, అవి ఒకరకంగా కాడి కట్టడమే. చిన్నగా ఉన్నాడని అందరూ సందేహించినా తరువాత లీగ్‌లో మేటి డిఫెన్స్ ఆటగాడైన ఆరన్ డోనల్డ్ 2014లో అక్కడే తన ముందున్నవాళ్లను తోసి అవతల పారేశాడు.

వీడియోకు ఉన్న అసలు లోపం నాలాంటివాడికి దొరికే సమయం. ఒక్కొక్కరికి మూడు ఆటలు చూసినా, ఉద్యోగం, సంసారం పోను ముప్పై మందిని దాటలేను. డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లలో ఎంపికయ్యేది రెండున్నర వందల మంది. అందుకని ఎవరిని చూడాలో గణాంకాలతో వడపోస్తాను, చూసినవాళ్లలో ఎవరిని రాయాలో కళ్లకు వదిలేస్తాను. ఆ జల్లెడ కంతల్లోంచి జారినవాళ్లు ఉన్నారు. 2022లో 262వ స్థానంలో, అందరికన్నా చివర ఎంపికైన బ్రాక్ పర్డీ రెండో సీజన్‌కే సూపర్ బౌల్ ఆడాడు. ఐయోవా స్టేట్ తరఫున నాలుగేళ్ల పాటు అతను ఆడిన ఆటలు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకునేలా ఉన్నాయి. నేను ఒక్కటీ చూడలేదు.