180 రూపాయల భూతద్దం, 30 సెంట్ల మిరప

మాది నెల్లిమర్ల దగ్గర. 30 సెంట్లలో మిరప, గట్ల మీద బొబ్బర్లు వేస్తాం. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక కళ్ళజోళ్ళ షాపులో మడతపెట్టి జేబులో వేసుకునే భూతద్దం కొన్నాను. 10 రెట్లు పెద్దగా చూపిస్తుంది, 180 రూపాయలు. రెండు పంటలు చూశాక రాస్తున్నాను.

అంతకు ముందు ఏడాది మిరప ఆకులు ముడుచుకుపోతే కొమ్మ తెంపి మందుల షాపుకు పట్టుకెళ్ళాను. దాన్ని చేతిలోకైనా తీసుకోకుండా తామర పురుగు (ఆకు రసం పీల్చే సన్నటి పురుగు) మందు ఇచ్చేశారు. రెండుసార్లు కొట్టినా ముడత పెరిగిందే గానీ తగ్గలేదు. వ్యవసాయ శాఖ వాళ్ళు పొలానికి వచ్చినప్పుడు అద్దం పెట్టి చూపిస్తే తెలిసింది, అది నల్లి అని. మంచంలో ఉండే నల్లి కాదు, ఆకు రసం పీల్చే, కంటికి ఆననంత చిన్న జీవి. చాలా పురుగుమందులకు నల్లి లొంగదు. పైగా దాన్ని తినే మంచి పురుగులు ఆ మందుకు చచ్చిపోతాయి.

ఇప్పుడు ముందు ఆకు చూస్తాను. అంచులు పైకి లేచి దొప్పలా అయితే పై ముడత, తామర పురుగు పని. అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా ఉండి, కాడ సాగితే కింది ముడత, నల్లి. తర్వాత చిగురాకు తిరగేసి అద్దం పెడతాను. అద్దం కంటికి ఆనించుకుని ఆకునే దగ్గరకు తేవాలి. అది తెలియక మొదటి రెండు రోజులూ నాకంతా మసకే. తామర పురుగు లేత పసుపు నలుసులా ఈనె పక్కన పరుగెడుతుంది. నల్లి మాత్రం మెరిసే చుక్కలా కదులుతుంది, అంతే. మిల్లీమీటరులో ఐదో వంతు ఉండే దాన్ని సరిగ్గా చూడాలంటే 20 రెట్లది కావాలి. ఈ అద్దానికి ఇదే పెద్ద లోటు. నల్లి అని తేలాక లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, ఆకు అడుగు తడిసేలా సాయంత్రం కొట్టాను. మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది. పది రోజులకు కొత్త చిగురు సాఫీగా వచ్చింది.

బొబ్బర తీగ మీద పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగుల గుంపు) మధ్య మొసలి పిల్లలాంటి నల్ల పురుగు కనిపిస్తే, "దీన్నీ చంపేయాలా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. అద్దంలో చూస్తే అది ఒక బంక పురుగును పట్టుకుని నమిలేస్తోంది. అక్షింతల పురుగు పిల్ల! ఆ వరసకు మందు కొట్టనే లేదు, బంక దానంతటదే తగ్గింది. నేను పెట్టిన డబ్బు ఆ ఒక్క పూటకే వచ్చేసింది.

వానలకు పల్లం వైపు మొక్కలు పసుపెక్కి వాలిపోయాయి. ఎన్ని ఆకులు తిరగేసినా పురుగు లేదు. అందుకే ఒకటి పీకి చూశాను: వేళ్ళు గోధుమరంగులో మెత్తబడ్డాయి. నీరు నిలిచిపోయింది. కాలువ తీశాక మిగిలినవి తేరుకున్నాయి.

ఈ అద్దం స్క్రూ త్వరగా వదులవుతుంది. మంచు పడే పొద్దున అద్దం మసకబారుతుంది. తాడు ఇవ్వలేదు, ఒకసారి మడిలో పడి గంట వెతికాక ఎర్ర దారం కట్టుకున్నాను.

"ఏట్రా, ఆకు మీద ఏటి సూస్తన్నావు?" అనేవాడు మా చిన్నాన్న. మొన్న తన తోటలో వంగాకు కోసుకుని మా ఇంటికొచ్చాడు, "ఆ అద్దం ఓపాలి ఇటియ్యి" అని.